బండలు పరిచిన బండి

పాడె కట్టడం అయిపోయాక, పనులు చూస్తున్న కులపెద్ద ఇంటి వైపు తిరిగి, "రవ్వంత బంగారం తేండ్రి" అన్నాడు.

మా వైపు చాలా ఇళ్లలో ఉన్న ఆచారమే. పోయిన మనిషిని వట్టి నోటితో పంపకూడదని, తులసి నీళ్లతో పాటు గోటి కొసన నిలిచేంత బంగారం నోట్లో వేస్తారు. తాండూరు శివారులో, బండలు నునుపు చేసే చిన్న కార్ఖానా వెనక ఉన్న ఇల్లు అది. ఆ మాట వినగానే పోయినాయన భార్య చెవికమ్మ మీదికి చెయ్యి పోనిచ్చి శీల తిప్పడం మొదలుపెట్టింది. అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న ఆయన తల్లి, తొంభైకి దగ్గరపడ్డ మనిషి, తలెత్తింది.

"నీది తియ్యకు. బండిల సీస ఉన్నది. అది తే."

కోడలి చెయ్యి చెవి దగ్గరే ఆగిపోయింది. "అది నీ కోసమని తెచ్చింది గద అత్తా!"

"ముందుగాల పొయ్యెటోనికి ముందుగాల. తే పో."

రేకుల షెడ్డు కింద నిలబెట్టిన పాత వ్యాన్‌లోకి వెళ్లి కోడలు ఒక చిన్న సీసా తెచ్చింది. హోమియోపతి గోలీలు పోసి ఇచ్చే రకం. అందులో సగానికి నీళ్లు, అడుగున పసుపుపచ్చగా కొన్ని నలుసులు. కులపెద్ద దాన్ని అందుకుని, నీళ్లతో సహా ఆయన పెదాల మధ్య వంచాడు. అన్నీ పోయాయా, ఒకటీ అరా గాజుకే అంటుకుని ఉండిపోయాయా అని ఎవరూ చూడలేదు. తల్లి లేచి దగ్గరకు రాలేదు. కూర్చున్న చోటు నుంచే "అయ్యిందా?" అని అడిగింది. అయిందని చెప్పాక తల మళ్లీ గోడకు ఆనించింది.

ఆ సీసాలో ఉన్నది ఆయన వరసగా కొన్ని చలికాలాలు కర్ణాటకలో, కృష్ణ అవతలి బంగారు గనుల ఊళ్లలో తిరిగి, వాగుల్లో ఇసుక కడిగి, తల్లి చివరి రోజు కోసమని పోగుచేసిన బంగారం. ఆమె కంటే ముందు తాను పోతానని ఆయన ఎన్నడూ అనుకోలేదు. పొద్దున బండ మీద బండ పేర్పిస్తూ నిలబడ్డవాడు నిలబడ్డచోటే కూలిపోయాడట.

ఆయన్ను నేను మొదట చూసింది వికారాబాద్‌లో, రవాణా కార్యాలయం ముందు. విలేకరిగా నేను వెళ్లింది వేరే వార్త కోసం. ఆవరణలో జనం ఒక వ్యాన్ చుట్టూ మూగి నవ్వుతున్నారు. ఏదో బడి అమ్మేసిన పాత వ్యాన్ అది. పసుపు రంగు మీద తెల్లరంగు వేయించాడు గానీ, ఎండలో లోపలి పసుపు తెలుస్తూనే ఉంది. సీట్లు పీకేసి మంచం బిగించాడు. మూలన గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము, కిటికీలకు పూల తెరలు. ఈ రోజుల్లో దీన్ని కారవాన్ అంటున్నారు. ఆయన మాత్రం "ఇల్లుబండి" అన్నాడు.

తనిఖీకి వచ్చిన అధికారి లోపలికి అడుగు పెట్టి, పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"కిందేందయ్యా ఇది?"

"బండలు సార్. మా తాండూరు నీలం బండలు. పాలిష్ బట్టించిన. మా అవ్వకు సల్లగ ఉంటయని." తల్లిని ఆయన అవ్వ అనేవాడు.

"బండి చేసినవా, ఇల్లు కట్టినవా?"

"ఇల్లే సార్. నడుస్తది."

"మరి నేను బండి కాయితం ఇయ్యాల్నా, ఇంటి నంబర్ ఇయ్యాల్నా?"

"ఏదిచ్చినా మంచిదే సార్. రెండూ లేవు దానికి."

అధికారి నవ్వాడు గానీ, బరువు ఎక్కువవుతుంది, తీసేయమని గట్టిగానే చెప్పాడు. ఈయన తల ఊపి, తీయకుండానే బయల్దేరాడు. అనంతగిరి గుట్ట ఎక్కే మలుపులో కమాను పట్టీలు విరిగి బండి కూర్చుండిపోయింది. ముందొక వరస, వెనకొక వరస బస్సులూ లారీలూ నిలిచిపోయాయి. రోడ్డు స్తంభించిందని తెలిసి నేను మళ్లీ వెళ్లేసరికి, ఆయన వ్యాన్ వెనక తలుపు తీసి, బండలు ఒక్కొక్కటే పెకిలించి రోడ్డు పక్కన మూలలు కలిసేలా పేరుస్తున్నాడు. తాండూరు బస్సు కిటికీలోంచి ఒకడు అరిచాడు.

"ఓ కాకా! గచ్చు మంచిగేసినవ్ గని, గోడలు గూడ రాయితోనే లేపకపోయినవా?"

"లేపుదామనే అనుకున్న బిడ్డా. పైకప్పు బరువైతదని మా అవ్వ వద్దన్నది."

బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

ఆ పొరపాటు తాండూరు మనిషే చెయ్యగలడు. అక్కడ నేలకు బండ, గోడకు బండ, చేను కంచెకు బండ, చాయ్ కొట్టు ముందు కూర్చునే బల్లకు బండ. గూట్లో అరలు కూడా బండలే. ఇల్లు అనుకున్నాక కింద రాయి పరవడం వాళ్లకు ఆలోచించి చేసే పని కాదు. ఆ బండికి చక్రాలున్న సంగతి ఆయన మరిచిపోలేదు. నేల లేని ఇల్లు ఉంటుందని మాత్రం ఆయనకు తోచలేదు.

చివరికి మంచం పక్కన, తల్లి కాళ్లు ఆనేచోట, ఒక్క వరస బండలు ఉంచుకుని మిగతావి తీసేశాడు. తీరా బయల్దేరేది చలికాలంలో. పొద్దున లేచి ముసలావిడ కాలు కింద పెడితే జివ్వుమనేది. దాంతో బండల మీద గోనెపట్టా పరిచాడు. మరి రాయెందుకని అడిగితే, "పట్టా కింద ఉన్నదని ఆమెకు ఎరికే గద సార్" అన్నాడు. ఆవిడ మాత్రం నాతో, "గా రాయి కాళ్లకు కుడుతది నాయినా, వానికి చెప్తే ఇనడు" అంది.

ఆయనకు ప్రతిదాన్నీ వేలి కణుపుతో తట్టి చూసే అలవాటు. బండల పనిలో ఉన్నవాళ్లందరికీ కొంత ఉంటుంది. తట్టితే గంటలా మోగితే మంచి రాయి, మొద్దుగా వినిపిస్తే లోపల పగులున్నట్టు. ఈయన అది రాళ్లతో ఆపలేదు. చాయ్ గ్లాసును తట్టేవాడు. తలుపును తట్టేవాడు. పుచ్చకాయను అందరూ తడతారు, ఈయన వంకాయను కూడా తట్టేవాడు. మంచిదైతే "పలుకుతున్నది" అనేవాడు, కాకపోతే "పలుకుతలేదు". మనుషులకూ అదే లెక్క. ఒకసారి తాండూరులో ఒక నాయకుడి సభలో నా పక్కన నిలబడి అంతా విని, "గొంతు మంచిగున్నది సార్. గని పలుకుతలేడు. లోపట పగులున్నది" అన్నాడు. ఆ మాట నేను వార్తలో రాయలేకపోయాను గానీ, ఆ తర్వాత చాలా సభల్లో గుర్తొచ్చింది.

కుర్చీ ఇస్తే కూర్చునేవాడు కాదు, గోడ వారన గొంతుకూర్చునేవాడు. ఎవరైనా సాయం చేస్తే డబ్బు ఇచ్చేవాడు కాదు. బండిలో ఎప్పుడూ తాండూరు కందిపప్పు పొట్లాలు ఉండేవి. పంక్చరు వేసినవాడికి పప్పు, దారి చెప్పినవాడికి పప్పు. కర్ణాటకలో ఒక తనిఖీ కేంద్రం దగ్గర పోలీసాయన పప్పు పొట్లం విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని మరీ చూశాడు. "పప్పే సార్. ఉడకబెడితే ఎరుకైతది" అన్నాడీయన.

ఈ తిరుగుడంతా ఎందుకని అడిగినవాళ్లకు ఆయన చెప్పే కథ ఒక్కటే, చెప్పే తీరు కూడా ఒక్కటే. ముందు రెండు అరచేతులూ రుద్దుకునేవాడు. తర్వాత కుడి చేతి చూపుడువేలూ బొటనవేలూ కలిపి, మధ్యలో ఏదో పట్టుకున్నట్టు ఎత్తి చూపేవాడు.

"మా నాయిన హట్టి దిక్కు బంగారం గనిల పన్జేసిండు సార్. భూమిల దిగి. సుట్టీ మీద ఇంటికొచ్చిండు, జెరమొచ్చి సచ్చిపోయిండు. నేను చిన్నోణ్ణి. పెద్దమనిషి బంగారమేదన్నడు. ఇంట్ల యాడిది? మా అవ్వ మెడల ఉన్నయి ఇత్తడియి. ఇంగ ఏంజేస్తరు, బియ్యపు గింజకు పసుపద్ది నోట్ల ఏసిన్రు. గిదో, గింతది." ఇక్కడ ఆ రెండు వేళ్లూ ఎదుటివాడి ముఖం దాకా వచ్చేవి. "దునియాకు బంగారం తీసినోడు పసుపు గింజ నోట్ల ఏసుకొని పోయిండు. మా అవ్వకు గట్ల కావద్దు. గా నేలదే, నా చేతులతోని తీసిందే ఎయ్యాలె."

ఈ కథ అయిపోగానే భార్య లోపలి నుంచి అందుకునేది.

"తాండూరుల బంగారం దుకాణాలు మూతవడ్డయా? రవ్వంత కొంటే అయిపోదా? దానికి గంత దూరం పోయి నీళ్లల్ల కూసోవాల్నా?"

"కొన్నది వేరే, తీసింది వేరే."

"తీసింది బంగారమో అభ్రకమో ఎవనికెరుక? జర అవుసలాయనకు చూపియ్యి."

"గీటు పెడితే అరుగుతది. ఉన్నదే గింత."

గీటురాయి మీద గీస్తే తరుగుపోతుందని ఆయన ఆ సీసాను ఏ కంసాలి చేతికీ ఇవ్వలేదు. అరుగుతుందన్న భయమో, ఇంకో భయమో నాకు తెలియదు.

ఒక చలికాలం నేనూ వాళ్లతో వెళ్లాను. మళ్లీ వార్త రాయవచ్చన్న ఆశ కొంత, ఊరికే చూడాలన్న కోరిక ఎక్కువ. తాండూరు దాటి, సేడం, యాదగిరి మీదుగా సురపురం వైపు దారి. తల్లి కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని, శాలువా తల మీదికి లాక్కుని, రోడ్డు వైపే చూస్తూ ఉండేది. కందిచేలు కోతకొచ్చి ఉన్నాయి. ఆమెకు చేలు కనిపించినంతసేపూ మాటలు, పట్నాలు రాగానే నిద్ర.

యాదగిరి దాటాక ఒక ఊళ్లో చాయ్ కోసం ఆగాం. ఎవరో ముసలాయన నేరుగా బండెక్కి మంచం కొసన కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచి ముందుకు చాపాడు. రక్తపోటు చూసే బండి అనుకున్నాడు. ఈయన కాదనలేదు. ఆయనకు చాయ్ పోసి ఇచ్చాడు. తాగాక వీపు మీద కణుపుతో రెండు చోట్ల తట్టి చెవి పెట్టి విన్నాడు.

"పలుకుతున్నవ్ పెద్దయ్యా. ఫికర్ లేదు, పో."

భాష సరిగా తెలియకపోయినా ముసలాయనకు సంగతి అందింది. సంతోషంగా దిగిపోయాడు. కిటికీ దగ్గర తల్లి శాలువాలో ముఖం దాచుకుని నవ్వింది. "గీనికి డాక్టరు పని గూడ వచ్చు" అంది.

కృష్ణ దాటాక నేల మారింది. గనుల ఊళ్ల దగ్గర బూడిదరంగు మట్టిదిబ్బలు గుట్టల్లా కనిపించాయి. రాయి నూరి బంగారం తీసేశాక పారబోసిన మట్టి అది. వాటికి దూరంగా, తుమ్మచెట్ల మధ్య, ఎప్పటివో తెలియని పాత గుంతలు ఉన్నాయి. నిజాం కాలం గనికంటే చాలా ముందు, మంట పెట్టి రాయిని కాల్చి, నీళ్లు చల్లి పగలగొట్టి తవ్వుకున్నవని అక్కడివాళ్లు చెప్పారు. చుట్టుపక్కల బండరాళ్ల మీద రోలు గుంతల్లాంటివి ఉన్నాయి. ఒకప్పుడు వాటిలో ఖనిజం దంచారట. మేం చూసినప్పుడు వాటిలో మేకల కాపరి పోసిన నీళ్లున్నాయి, మేకలు తాగుతున్నాయి.

ఆయన ఒక పాత గుంత అంచున గొంతుకూర్చుని చాలాసేపు లోపలికి చూశాడు. గుంత గోడల్లో రాయి పొరలు నిలువుగా, కట్టెలు నిలబెట్టినట్టు ఉన్నాయి. మధ్యలో తెల్లటి పలుగురాయి గీత పైనుంచి కిందికి దిగిపోయింది. తాండూరులో రాయి రొట్టెల దొంతరలా ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటుంది. పైది తీస్తే కిందిది. ఆయన జీవితమంతా చూసింది ఆ రాయినే.

"మా దిక్కు రాయి పండుకున్నది సార్" అన్నాడు. "గీడ నిలవడ్డది. మా నాయిన దీని ఎంబడి దిగిండన్నట్టు. కిందికి, కిందికి." లోపలికి చెయ్యి చూపి, "అడ్డంగ పోతే యాణ్ణో ఓకాడ బయటికి రావచ్చు. నిలువుగ పోతే ఎట్ల?" అన్నాడు. వంగి, గుంత అంచు రాయిని తట్టాడు. ఏమన్నదో చెప్పలేదు.

వాగు దగ్గర మాత్రం హుషారొచ్చేది. వానాకాలంలో ఆ వాగు పొంగుతుంది, ఎండాకాలం చుక్క ఉండదు. ఇసుక మేటలు బయటపడి, కడగడానికి నీళ్లు కూడా మిగిలేది చలికాలంలోనే. తల్లిని ప్రయాణం చేయించగలిగేదీ అప్పుడే. అందుకే ఏటా ఆ రోజుల్లోనే వెళ్లేవాడు.

వాగు పక్క ఊళ్లో ఒకామె ఉండేది. అరవై దాటి ఉంటాయి. వాళ్లింట్లో తాతల నాడు ఇసుక కడిగి బంగారం ఏరేవారట. ఇప్పుడు ఆమె కూలికి వెళ్తుంది, చేతికి పనిలేని రోజు వాగులోకి వస్తుంది. చెక్కను తొలిచి చేసిన లోతు తక్కువ పళ్లెం, దాన్ని మరిగె అంటారు, అందులో ఇసుక పోసి నీళ్లలో తిప్పడం ఈయనకు ఆమే నేర్పింది. తిప్పుతుంటే తేలిక ఇసుక నీటితో పోతుంది. చివరికి నల్లటి ఇసుక చారెడు మిగులుతుంది. ఏమైనా ఉంటే అందులో ఉండాలి. చాలాసార్లు ఉండదు.

"తాండూరణ్ణా, బంగార ఎల్లి? బరీ మణ్ణు!" అని ఆటపట్టించేది. బంగారం ఎక్కడుంది, వట్టి మట్టే అని.

"మణ్ణే చాలక్కా. మా నాయిన తవ్విన మణ్ణు."

"మీ నాయిన భూమిల తవ్విండు, నువ్వు నీళ్లల్ల వెతుకుతవు. ఒకళ్ళకు గూడ బుద్ది లేదు."

ఆయనకు ఆ మాటలు ఇష్టం. ఆమెకోసం పప్పు పొట్లాలు విడిగా తెచ్చేవాడు.

మేం వెళ్లినప్పుడు రోజుల తరబడి ఏమీ దొరకలేదు. ఆయన మాటలు తగ్గాయి. పొద్దున్నే మోకాళ్ల లోతు నీళ్లలో కూర్చుని, ఎండ వాలేదాకా తిప్పేవాడు. వేళ్లు పాలిపోయి ముడతలు పడేవి. భార్య ఫోను చేస్తే, "ఇంకొక్క దినం" అని పెట్టేసేవాడు. అక్కడ కార్ఖానాలో మోటారు కాలిపోయిందని, బండలకోసం లారీ వచ్చి నిలబడిందని ఆమె అరుస్తున్నది నాకు కూడా వినిపించేది.

తిరిగి వద్దామనుకున్న రోజు మధ్యాహ్నం, ఆయనా ఆమే పక్కపక్కనే కూర్చుని కడుగుతున్నారు. ఒడ్డున చాప మీద తల్లి, ఆమె పక్కన నేను. ఆ ఊరామె మరిగె అడుగున ఒక నలుసు మెరిసింది. నీడలో కూడా మెరిసింది. ఆమె దాన్ని చూపుడువేలి కొసకు అద్దుకుంది. సరిగ్గా అప్పుడే ఈయన కళ్లద్దాల మీద పడ్డ నీళ్లు తుడుచుకోవడానికి పక్కకు తిరిగాడు. ఆమె ఒడ్డు వైపు, ముసలావిడ వైపు ఒకసారి చూసింది. వేలు ఆయన మరిగెలో ముంచి తీసింది. మళ్లీ తన ఇసుక తిప్పుకోసాగింది.

కాసేపటికి కేక వినిపించింది. "అవ్వా! దొరికింది! పలికిందవ్వా, పలికింది!"

ఆయన నీళ్లలో లేచి నిలబడ్డాడు. పంచె తడిసి కాళ్లకు చుట్టుకుంది. అంతమంది కూలీల మీద కేకలు వేసే మనిషి, మరిగెను రెండు చేతులతో పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని ఒడ్డుకు వచ్చాడు.

"దొరికిందా కొడుకా? మంచిగైంది" అంది తల్లి. అంటూ వాగులో ఉన్న ఆమె వైపు చూసింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన సీసా కోసం బండిలోకి వెళ్లాక ముసలావిడ నా వైపు తిరిగింది.

"నువ్వు చూసినవ్ గద నాయినా?"

"చూసిన అవ్వా."

"చెప్పకు." ఆమె చాప మీద ఇసుక దులిపింది. "నాకేంటికి బంగారం? నోట్ల ఏస్తే రుచి తెలుస్తదా? వాడు గట్ల నీళ్లల్ల కూసుంటే ఎనక నుంచి వాళ్ల నాయిననే. మెడ గూడ గట్లనే వంచుతడు. అది సూడనీకి వస్త నేను. వానికైతే నా కోసమని ఉన్నది. ఉండనీ."

ఆయన తడిపిన పుల్ల కొసతో ఆ నలుసును ఎత్తి సీసాలో జారవిడిచి, ఎండకు పట్టి మా ఇద్దరికీ చూపించాడు. నీళ్లలో అది ఉన్నదానికంటే పెద్దదిగా కనిపించింది.

ఆయన గురించి అన్నీ మంచే చెప్పలేను. చలికాలం వస్తే కార్ఖానా సంగతి పట్టేది కాదు. కరెంటు బిల్లు దగ్గర్నుంచి కూలీల తగాదాల దాకా అన్నీ భార్య మీద పడేవి. తిరిగొచ్చాక ఆమె ఏమైనా అంటే గొంతు పెంచేవాడు. తల్లికి ఏం కావాలో ఆయనకు ఎంత బాగా తెలుసనుకున్నాడో, భార్యకు ఏం కావాలో అంత పట్టించుకోలేదు. బండిలో ఉన్నది ఒక మంచం, ఒక చాప. మూడో మనిషికి చోటు గురించి ఆయన ఆలోచించినట్టు లేదు. నేను వెళ్లినప్పుడు పడుకుంది డ్రైవరు సీట్లో.

దశదినకర్మ నాడు ఆయన భార్య భోజనాల దగ్గర నా పక్కన నిలబడి అన్నది: "ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ నువ్వొస్తవా అని అడగలే అన్నా. అడిగితే పోకపోదును, గది వేరే మాట. అడగలే."

కాసేపటికి అసలు సంగతి చెప్పింది. "ఆమెది ఆయనకేసినం. సీస నా చేతులతోనే తెచ్చిన. రేపు ఆమెను వట్టి నోటితోని పంపితే నాకు నిద్ర పడ్తదా?"

"దుకాణంల దొరుకుతది గదమ్మా" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"దొరుకుతది. నేను గూడ గదే అంటుంటి." వడ్డిస్తున్నవాళ్ల వైపు చూసి, పులుసు అటు పట్టుకుపొమ్మని సైగ చేసింది. "ఆ వాగుకాడామె నన్ను దగ్గరికి రానిస్తదా? మీరు చెప్తే నేర్పిస్తదా?"

ఆ మాట అత్త చెవిన పడింది. ముసలావిడ అరుగు మీద నుంచే తేల్చేసింది. "నాకొద్దు. వానికేసినం, అయిపోయింది. వాడు లేని బండి నేనెక్క."

"నీకొద్దంటే అయితదా? నాకుండొద్దా?"

"నీకేంటికే? నీ కన్నతల్లినా?"

"కన్నతల్లివైతే నీతోని గిన్ని మాటలు పడుదునా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ ఇద్దరూ నవ్వలేదు.

మొన్న తాండూరు వెళ్లినప్పుడు కార్ఖానా పక్క మైదానంలో ఆ వ్యాన్ కదులుతూ కనిపించింది. అరవైకి దగ్గరపడ్డ కోడలు స్టీరింగ్ ముందు కూర్చుని ఉంది, పక్కన నేర్పేవాడు. అద్దెకు డ్రైవర్ని పెట్టుకోవచ్చు కదా అంటే, అత్తను తీసుకుపోయే బండి తానే నడుపుతానని చెప్పిందట. కార్ఖానా పని మొదలయ్యేలోపు రోజూ నేర్చుకుంటోంది. బండి ముందుకు బాగానే పోతోంది. వెనక్కి తీసేటప్పుడు మాత్రం ప్రతిసారీ బండల దొంతరలవైపే పోతోంది. ముసలావిడ ఎండలో స్టూలు వేయించుకుని కూర్చుని అంతా చూస్తోంది. "కుడిదిక్కు తిప్పు, కుడిదిక్కు" అని అరుస్తోంది.

వాగులో నీళ్లు శివరాత్రి దాకా ఉంటాయి. కోడలికి లైసెన్సు ఇంకా రాలేదు. బండెక్కుతానని అత్త ఇంకా అనలేదు.